కూలీ లైను నుంచి బంగళాల దాకా

కొత్తగూడెం వెళ్ళేవారికి మొదటి తమాషా రైల్వే స్టేషనులోనే కనిపిస్తుంది. ఊరు కొత్తగూడెం, స్టేషను బోర్డుమీద పేరు మాత్రం భద్రాచలం రోడ్. ఆ బోర్డు చూచి రాములవారి గుడి వచ్చేసిందనుకుని మూటాముల్లె సర్దుకునే యాత్రికులకు ఇంకా 40 కిలోమీటర్ల ప్రయాణం మిగిలే వుంటుంది. రెండో తమాషా ఊళ్ళో వున్నది. అక్కడ ఒక పేట పేరు పాత కొత్తగూడెం. కొత్తది పాతదెప్పుడైందని అడిగితే నవ్వి ఊరుకుంటారు.

మూడో సంగతి తమాషా కాదు. ఊళ్ళో పేటల పేర్లు కొంచెం శ్రద్ధగా వినండి: కూలీ లైను, రైటర్ బస్తీ, బాబూ క్యాంపు, బంగళాలు. బొగ్గు కంపెనీ జీతాల పట్టీని తెచ్చి ఊరిమీద పరిచినట్టు వుంటుంది. బొగ్గు ఎత్తేవాడు ఒకచోట, లెక్క వ్రాసేవాడు ఒకచోట, ఆఫీసు బాబు ఇంకొకచోట, దొర మరొకచోట. మన పల్లెల్లో ఎవరు ఏ వాడలో వుండాలో కులం చెప్పేది. ఇక్కడ ఆ పెత్తనం కొలువు తీసుకున్నది. ఇప్పుడు ఆ పేటల్లో అన్ని రకాలవారూ వున్నారు. కూలీ లైనులో పుట్టి అమెరికాలో కంప్యూటర్ల ముందు కూర్చున్నవారూ వున్నారు. పేర్లు మాత్రం పోలేదు.

పేదవాని బిడ్డ పెద్దవాడు కాగలడా, కాగలిగితే ఏ దారిన అన్నది ఈ రోజుల్లో అన్ని దేశాల్లోనూ అడుగుతున్న ప్రశ్నే. సంపన్న దేశమైన అమెరికాలో గూడా పండితులు దానిమీద పెద్ద పెద్ద లెక్కలు కడుతున్నారు. కాని ఆ ప్రశ్న కళ్ళకు కట్టినట్టు కనిపించాలంటే అంతదూరం పోనక్కరలేదు. కొత్తగూడెం నుంచి గోదావరి వెంట మణుగూరు, భూపాలపల్లి, గోదావరిఖని, బెల్లంపల్లి దాకా సాగిన ఈ బొగ్గు నేల చాలు.

కథ 1871లో మొదలవుతుంది. భూగర్భ పరిశోధన శాఖలో పనిచేసిన డాక్టర్ విలియం కింగ్ అనే దొర ఇల్లందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాడు. అక్కడి బొగ్గు పొరకు నేటికీ కింగ్ సీమ్ అనే పేరు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ తవ్వుకునే హక్కు సంపాదించింది. 1889లో తవ్వకం ఆరంభమైంది. సింగరేణి అన్నది ఇల్లందు దగ్గరి ఒక పల్లె పేరు. 1920లో ఏర్పడిన కొత్త కంపెనీ ఆ పేరే పెట్టుకున్నది. 1945లో నిజాం ప్రభుత్వం అందులో ఎక్కువ వాటాలు కొనివేసింది. 1956లో అవి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి సంక్రమించినవి. నేడు తెలంగాణ ప్రభుత్వానిది 51 వంతులు, కేంద్ర ప్రభుత్వానిది 49. ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలోనే వున్నది.

కంపెనీ చరిత్ర ఇంతటితో చాలు. ఆ బొగ్గు కోసం దిగినవారి సంగతి చెప్పుకుందాం.

తెలంగాణ పలుకుబడిలో బావిని బాయి అంటారు. బొగ్గుగని గూడా బాయే. "మా నాయిన బాయికి పోతడు" అంటే నీళ్ళకు కాదు, బొగ్గుకు. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ, ఖమ్మం పల్లెల్లో భూమి లేని కులాలవారికి, దొరల గడీల్లో వెట్టి చేసి విసిగినవారికి ఈ బాయి ఒక నరకంగానూ వున్నది, ఒక దారిగానూ వున్నది. నరకమెందుకో వేరే చెప్పనక్కరలేదు. చీకటి, ఉక్క, మోకాలిలోతు నీళ్ళు, ఏ క్షణాన పైకప్పు విరిగి పడుతుందో తెలియని భయం. దారి అని ఎందుకంటున్నానంటే, పల్లెలో కులంపేరు పెట్టి పిలిచినవాణ్ణి ఇక్కడ నంబరు పెట్టి పిలిచారు. నంబరు పెట్టి పిలవడం అవమానమని మనకు తోచవచ్చు. కాని వెట్టివాడికి నంబరంటే నెలకు ఒకసారి చేతికి వచ్చే రొక్కం. దొర దయ తలిస్తే వచ్చేది కాదు, మస్టరు పడితే వచ్చేది.

ఆ రొక్కం గూడా ఊరికే పెరగలేదు. 1940లలో దేవూరి శేషగిరిరావు, మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ వంటివారు ఇక్కడ కార్మిక సంఘం నిలబెట్టారు. ఆ తరువాత ఎన్ని సమ్మెలో, ఎన్ని జెండాలో! 1975 జనవరి నుంచి దేశంలోని బొగ్గు కార్మికులకు జాతీయ వేతన ఒప్పందం అమలులోకి వచ్చింది. అటువంటి ఒప్పందాల్లో పదకొండవది 2023 మే నెలలో కుదిరింది. ఒక్కొక్క ఒప్పందం కార్మికుని ఇంటిని ఒక మెట్టు పైకెక్కించింది. క్వార్టరు, కరెంటు, కంపెనీ ఆసుపత్రి, కంపెనీ బడి. చదువురాని ఫిల్లరు కొడుకు ఓవర్‌మన్ అయినాడు. ఓవర్‌మన్ కొడుకు ఇంజనీరు అయినాడు. అందరి ఇళ్ళలోనూ కాదు, కాని వీధికొకటి చొప్పున చూపించగలిగినన్ని ఇళ్ళలో.

దాని ఫలితం పెళ్ళి సంబంధాల్లో చూడాలి. సింగరేణి ఉద్యోగమంటే ఆడపిల్లల తండ్రులు సర్కారు ఉద్యోగంతో సమానంగా చూచేవారు. కట్నం లెక్క దానినిబట్టే లేచేది. మధ్యవర్తి నోట ముందుగా వచ్చే ప్రశ్న కులమూ గోత్రమూ అయితే, ఆ వెంటనే వచ్చే ప్రశ్న, "పిలగాడు పర్మనెంటేనా?" అన్నది. ఇప్పుడు గూడా అదే ప్రశ్న. జవాబు మాత్రం ఎక్కువమంది నోట మారిపోయింది. ఆ మార్పు తెలియాలంటే ముందు మన పాఠకుల్లో చాలామందికి వింతగా తోచే ఒక ఏర్పాటును గురించి చెప్పాలి.

అదే వారసత్వ ఉద్యోగం.

కార్మికుడు గనిలో చనిపోయినా, ఒళ్ళు చెడి పనికి రాకపోయినా, ఇంకా కొంత సర్వీసు వుండగానే స్వచ్ఛందంగా దిగిపోయినా, అతని కొడుకును తీసుకునే పద్ధతి ఒకప్పుడు నడిచింది. చేరినవాడు బదిలీ ఫిల్లరుగా చేరతాడు. అంటే ఎవరైనా రాకపోతే వారి బదులు తట్టా చెమ్మసూ పట్టి టబ్బులు నింపేవాడన్నమాట. ఏడాదికి భూగర్భంలో 190 మస్టర్లు పూర్తిచేస్తే పర్మనెంటు అయ్యే యోగం కలుగుతుంది. తాత దిగిన బాయిలో తండ్రి, తండ్రి దిగిన బాయిలో కొడుకు. మన దేశంలో పొలానికి పట్టా వున్నట్టే ఇక్కడ ఉద్యోగానికి ఒక పట్టా వున్నదని జనం నమ్మారు. పొలమైతే ముగ్గురు కొడుకులకు మూడు ముక్కలు చేయవచ్చు. ఉద్యోగం ముక్కలు కాదు.

ఇక ఆ ఇంటి సంగతి ఊహించండి. ముగ్గురు కొడుకులు, ఒక్క ఉద్యోగం. పెద్దవానికి పెట్టిద్దామంటే చిన్నవాడు అలుగుతాడు. చదివినవానికి పెడదామంటే, "చదువుకున్నోడు యేడనన్న బతుకుతడు, చదువు రానోనికి పెట్టియ్యి బాపూ" అని ఇంకొకడంటాడు. ఆ మాటా నిజమే గదా! ఉద్యోగం వచ్చినవాడు మిగిలిన అన్నదమ్ములకు ఇంత డబ్బివ్వాలని కాగితాలు వ్రాసుకున్న ఇళ్ళున్నవి. ఆ కాగితాలు పట్టుకుని పంచాయితీలకు ఎక్కిన ఇళ్ళున్నవి. తల్లిని ఎవరు చూడాలన్న తగాదాలో గూడా, "ఉద్యోగం ఎవడు తీసుకున్నడో వాడే చూడాలె" అన్నది తిరుగులేని వాదం. కూతుళ్ళు ఈ చర్చలో లేరని వేరే చెప్పాలా? 2016లో ఈ పథకాన్ని తిరిగి తెచ్చినప్పుడు కొడుకుకు, అల్లునికి, తమ్మునికి అవకాశమిచ్చారు. అల్లుణ్ణి గుర్తుపెట్టుకుని కూతుర్ని మరిచిపోయిన ఆ జాబితా చూచి నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇందులో ఇంకొక బాధ వున్నది. ఒళ్ళు చెడితేనే ఉద్యోగం కొడుక్కి వస్తుంది. ఆ ఒళ్ళు చెడిందని కొత్తగూడెం పెద్దాసుపత్రిలో మెడికల్ బోర్డు తేల్చాలి. లోకంలో ఎక్కడైనా తండ్రి ఆసుపత్రికి పోతే, ఏమీ లేదని డాక్టరు చెప్పాలని ఇంటిల్లిపాదీ మొక్కుకుంటారు. ఇక్కడ "అన్‌ఫిట్" అనాలని మొక్కుకున్నారు. ఫిట్ అని తిరిగి పంపితే ఇల్లంతా దిగాలు. ఈ దిగాలునే ఆసరా చేసుకుని, బోర్డులో పని చేయించిపెడతామని డబ్బు గుంజే దళారులు పుట్టుకొచ్చారు. వారిమీద కేసులు గూడా నడిచినవి. జబ్బుకోసం ప్రార్థించవలసి వచ్చిన మనుషుల్ని తప్పుపట్టడం తేలిక. బయట ఇంకొక తలుపు తెరిచివుంటే వాళ్ళు ఆ తలుపు దగ్గర నిలబడేవారు కారు.

ఆ తలుపులు ఎట్లా మూసుకుపోయినవో అంకెలు చెబుతాయి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదివేలమందికి పైగా కార్మికులుండేవారు. 1990-91లో వారు తవ్వినది సుమారు 1 కోటి 80 లక్షల టన్నులు. 2023-24లో తవ్విన బొగ్గు 7 కోట్ల టన్నులు. కంపెనీ పట్టీలో వున్నవారు సుమారు 41 వేలు. అంటే బొగ్గు నాలుగింతలైంది, ఉద్యోగాలు మూడోవంతుకు చేరువైనవి. 1990లలో కంపెనీ నష్టాల్లో పడి రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కింది. స్వచ్ఛంద విరమణ పథకాలు వచ్చినవి. వారసత్వ ఉద్యోగాలు ఆగిపోయినవి. చాలావరకు వున్నవారిని వెళ్ళగొట్టలేదు. వెళ్ళినవారి చోట కొత్తవారిని తీసుకోలేదు, అంతే. గనులు గూడా మారిపోయినవి. నేలకింద సొరంగాల్లో మనుషులు దిగి తవ్వేచోట, నేలనే పైనుంచి ఎత్తివేసే ఓపెన్ కాస్టులు వచ్చినవి. పెద్ద ఇంటంత డంపర్లు, వాటి బకాసుర యంత్రాలు. గోదావరిఖని చుట్టూ చూస్తే దేవుడు పెట్టని కొండలు కనిపిస్తాయి. బొగ్గుమీద నుంచి తీసిపోసిన మట్టిదిబ్బలవి. వానాకాలంలో వాటిమీద పచ్చగా గడ్డి మొలిస్తే కొత్తవారు నిజం కొండలే అనుకుంటారు.

అయితే మనుషులు లేకుండా ఆ మట్టి కదలలేదు. అక్కడే అసలు కిటుకు వున్నది. ఆ మట్టి తీసే పని ప్రైవేటు కాంట్రాక్టర్లది. లారీ డ్రైవర్లు, బెల్టులు శుభ్రంచేసేవారు, కాపలావారు, ఆసుపత్రి ఊడ్చేవారు, కాలనీల్లో మురుగు తీసేవారు, క్యాంటీన్లలో వండేవారు — పాతికవేల నుంచి ముప్పైవేలమంది కాంట్రాక్టు కార్మికులు. ఒకే దుమ్ము పీల్చేవారు, ఒకే సైరనుకు లేచేవారు. కాని కంపెనీ పట్టీలో నంబరు లేదు.

తేడా ఎంతో తెలియాలంటే లాభాల వాటా రోజు చూడాలి. సింగరేణిలో ఒక మంచి సంప్రదాయమున్నది. లాభాల్లో కొంత కార్మికులకు పంచుతారు. 1999-2000 ప్రాంతంలో పదో వంతుతో మొదలై క్రమంగా పెరిగింది. 2024 దసరాకు ముందు ప్రకటించిన వాటా 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు. పర్మనెంటు కార్మికునికి సగటున లక్షా 90 వేలు. అదే సంవత్సరం మొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులను గూడా గుర్తుపెట్టుకున్నారు. ఒక్కొక్కరికి 5 వేలు. 2025లో పర్మనెంటువారికి సగటున లక్షా 95 వేలు దాటింది; కాంట్రాక్టువారికి 5,500 అయింది. ఇదిగాక దీపావళి బోనసు వేరే వున్నది. 2024లో అది 93,750 రూపాయలు, పర్మనెంటువారికే.

ఆ వారం కొత్తగూడెంలోనూ గోదావరిఖనిలోనూ బజారు చూడవలసిందే. బంగారు కొట్లు, బట్టల కొట్లు, మోటారు సైకిళ్ళ షాపులు తిరనాళ్ళవలె వుంటాయి. ఆ తిరనాళ్ళలోనే పక్కింటి పిల్లవాడు నాన్న చెయ్యి పట్టుకుని నిలబడి, వాళ్ళ స్నేహితునికి కొత్త సైకిలు ఎందుకు వచ్చిందో, తనకెందుకు రాలేదో అడుగుతాడు. తండ్రులిద్దరూ ఒకే గనిలో పనిచేస్తారు. ఏమని చెబుతాడు?

ప్రాణానికి గూడా రెండు ధరలున్నవి. ఈ మధ్య బ్యాంకులతో ఒప్పందం చేసుకుని ప్రమాద బీమా ఏర్పాటు చేశారు. మంచిదే. పర్మనెంటువారికి కోటి రూపాయలు. కాంట్రాక్టువారికి 30 లక్షలు. ఇంతకుముందు అదీ లేదు గనుక మెచ్చుకోవలసిందే. మెచ్చుకుంటూనే ఒక సందేహం అడగవచ్చు. డంపరు తిరగబడితే కిందపడినవాని నంబరు అడిగి తిరగబడుతుందా? 2022 సెప్టెంబరులో ఈ కాంట్రాక్టు కార్మికులు రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. ప్రధానమైన కోరిక ఒకటే: కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు ఇస్తున్న హైపవర్ కమిటీ వేతనాలు తమకూ ఇమ్మని.

ఇట్టి కథ మనకొక్కరికే జరిగిందనుకోనక్కరలేదు. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో మెక్‌డోవెల్ కౌంటీ అని ఒక బొగ్గు జిల్లా వున్నది. అక్కడి కంపెనీ ఊళ్ళలో ఒకప్పుడు ఇల్లు కంపెనీది, కొట్టు కంపెనీది. జీతానికి బదులు కంపెనీ కొట్టులో తప్ప చెల్లని బిళ్ళలు గూడా ఇచ్చేవారు. తరువాత సంఘాలు వచ్చినవి, జీతాలు పెరిగినవి. 1950లో ఆ జిల్లా జనాభా దాదాపు 99 వేలు. ఆ దశాబ్దంలోనే మనుషుల బదులు బొగ్గు కోసే యంత్రాలు దిగినవి. 1961లో కెనెడీ ప్రభుత్వం పేదలకు ఆహార కూపన్ల పథకం ఆరంభించినప్పుడు దేశం మొత్తంమీద మొట్టమొదటి కూపన్లు అందుకున్నది ఆ జిల్లాలోని పనిపోయిన గనికార్మికుని కుటుంబమే. ప్రపంచంలోకెల్లా సంపన్న దేశానికి వెలుగునిచ్చిన బొగ్గు తవ్వినవాడు కూపనుతో రొట్టె కొనుక్కున్నాడు. 2020 నాటికి ఆ జిల్లాలో మిగిలినవారు 19 వేలమంది.

మన దేశంలో పుట్టి అమెరికాలో పేరుపొందిన రాజ్ చెట్టి అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు ఒక లెక్క తేల్చాడు. 1940లో అక్కడ పుట్టిన పిల్లల్లో నూటికి 90 మంది తమ తలిదండ్రులకన్న ఎక్కువ సంపాదించారు. 1980లో పుట్టినవారిలో నూటికి 50 మందే. ఇంకొక లెక్క మరీ ఆలోచింపచేసేది. అట్టడుగు ఐదోవంతు కుటుంబాల్లో పుట్టిన బిడ్డ పై ఐదోవంతుకు ఎక్కే అవకాశం ఏ ఊళ్ళో పెరిగాడన్నదానినిబట్టి మారుతున్నది. శాన్ హోసేలో నూటికి 13కు దగ్గరగా వుంటే, షార్లెట్ నగరంలో నాలుగున్నరకు లోపే. బిడ్డ తెలివి ఒక్కటే చాలదు; పెరిగిన వీధి గూడా పైకి లాగుతుంది, కిందికి గూడా లాగుతుంది. కూలీ లైనులో పెరిగినవారికి ఈ సంగతి ఏ పండితుడూ చెప్పనక్కరలేదు.

కొత్తగూడెం మెక్‌డోవెల్ కాలేదు. ఒకటి, బొగ్గు అమ్మకం తగ్గలేదు. రెండు, కంపెనీ ప్రభుత్వానిది. మూడు, క్వార్టర్లలో పెరిగిన ఒక తరం చదువుకుని హైదరాబాదుకో డల్లాసుకో పోగలిగింది. ఎందుకు పోగలిగిందంటే, తండ్రి జీతం నెలనెలా ఖాయంగా వచ్చింది గనుక. ఫీజు కట్టే రోజుకు ఇంట్లో డబ్బున్నది గనుక. పర్మనెంటు అన్న మాటకు అసలు విలువ అది. తండ్రి పర్మనెంటైతే బిడ్డ ఆ గని వదిలి పోగలదు. తండ్రి కాంట్రాక్టైతే బిడ్డ ఆ గనికే కాంట్రాక్టుకు వస్తాడు. ఇదీ వారసత్వమే, దీనికి ఏ పథకమూ అక్కరలేదు, ఏ కోర్టూ కొట్టివేయలేదు.

కోర్టు మాట వచ్చింది గనుక ఆ సంగతి చెప్పాలి. 2016 చివర ప్రభుత్వం వారసత్వ ఉద్యోగాలను పునరుద్ధరిస్తామన్నప్పుడు బొగ్గు పట్టణాల్లో బాణసంచా కాల్చారు. ఒక నిరుద్యోగ యువకుడు హైకోర్టుకు వెళ్ళాడు. ప్రభుత్వ ఉద్యోగం ఎవరి తాతసొమ్మూ కాదనీ, అందరికీ పోటీపడే హక్కు రాజ్యాంగం ఇచ్చిందనీ అతని వాదం. 2017 మార్చిలో హైకోర్టు పథకాన్ని కొట్టివేసింది. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. నిజంగా జబ్బుపడి పనికిరానివారి పిల్లల సంగతి మాత్రం చూడవచ్చునన్నారు. ఆ ప్రకారం 2018 నుంచి కారుణ్య నియామకాలు నడుస్తున్నవి. ఉద్యోగం వద్దనేవారికి 25 లక్షల రూపాయలిస్తారు.

ఈ వ్యాజ్యంలో న్యాయం ఎవరివైపు వున్నది? రెండు వైపులా వున్నదనడం తప్పించుకునే మాటలా వుంటుంది. అయినా నిజం అదే. ఒకవైపు, 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. అటువంటి గనిలో ముప్పై యేళ్ళు దిగినవాడు, నా ఊపిరి ఇచ్చాను, నా బిడ్డకు పని ఇవ్వండి అంటే కాదనడానికి నోరు రాదు. మరొకవైపు, అదే అడవిలో తరతరాలుగా వున్న కోయవాడున్నాడు. బొగ్గు వున్నది అతని పాదాలకింద. 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనులు ఇవ్వకూడదన్నది. ప్రభుత్వ కంపెనీ తవ్వుకోవచ్చు. గని వచ్చినప్పుడు భూమికి పరిహారం వస్తుంది, పునరావాసం వస్తుంది. ఉద్యోగం మాత్రం అందరికీ రాలేదు. అతని తాత బాయిలో దిగలేదు గనుక అతనికి వారసత్వం లేదు. దిగనిచ్చినవారెవరు?

"ఇక్కడి ఉద్యోగం ఇక్కడివారికే" అన్న మాటకు ఈ నేలమీద వయస్సు చాలా వున్నది. నిజాం కాలంలో 1919 నుంచి ముల్కీ నిబంధనలుండేవి. 1969 జనవరిలో తెలంగాణ ఉద్యమం రాజుకున్నది గూడా కొత్తగూడేనికి పక్కనే పాల్వంచలో, థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగాలు స్థానికులకు దక్కడం లేదన్న గొడవతోనే. ఒక కొలువు చుట్టూ లేచిన ఆ నిప్పు ఎంతదూరం పోయిందో పాఠకులకు తెలిసినదే. ఉద్యోగాన్ని జీతంగానే చూచేవారికి ఇదంతా అతిగా తోచవచ్చు. ఇక్కడ ఉద్యోగమంటే ఇల్లు, ఆసుపత్రి, పిల్లల చదువు, కూతురి పెళ్ళి, ఊళ్ళో మాట చెల్లడం. అన్నీ ఒక్క తాటికి కట్టివేసిన తరువాత ఆ తాటికోసం తోసుకోకుండా ఎట్లా వుంటారు?

వారసత్వం జాబితాలో లేని ఆడపిల్ల మాట ఇంకా మిగిలే వున్నది. మన దేశంలో భూగర్భ గనుల్లో స్త్రీలు పనిచేయడం 1930లలో నిషేధించారు. యుద్ధం వచ్చి బొగ్గు చాలకపోతే 1943లో ఆ నిషేధం ఎత్తివేశారు. యుద్ధం అయిపోగానే 1946లో మళ్ళీ పెట్టారు. అవసరమైతే ఆడదానికి బలమున్నది, అవసరం తీరితే సుకుమారి! 1952 గనుల చట్టంలోనూ ఆ నిషేధమే నిలిచింది. 2019లో కేంద్రం దానిని సడలించింది. నియమాలకు లోబడి స్త్రీలు గూడా దిగవచ్చు. గనుల ఇంజనీరింగు చదివిన ఆడపిల్లలు ఆ తరువాత అర్హతపత్రాలు సంపాదించి సింగరేణి బెల్టులో భూగర్భ గనుల్లో అడుగుపెట్టారు. కారుణ్య నియామకాల్లోనూ కూతుళ్ళు చేరుతున్నారు. తండ్రి టోపీ, తండ్రి బూట్లు కొడుకుకే సరిపోతాయన్న నమ్మకం మెల్లగా సడలుతున్నది.

కొత్తగూడెంలో గనుల చదువుకు ఇంజనీరింగు కళాశాల చాలాకాలంగా వున్నది. 2025లో దానిని భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మార్చి మన్మోహన్ సింగ్ పేరు పెట్టారు. గని పక్కనే గని చదువు వుండడం చక్కని విషయం. కూలీ లైను పిల్లవాడు నడిచిపోయి చదువుకోవచ్చు. ఆ చదువు అయిన తరువాత నిలబడవలసిన వరుస ఎంత పొడుగో గూడా తెలుసుకోవడం మంచిది.

2022 సెప్టెంబరు 4న సింగరేణివారు జూనియర్ అసిస్టెంటు పోస్టులకు పరీక్ష పెట్టారు. అంటే వెనుకటి రైటరు కొలువు వంటిదే. వారసత్వం అక్కరలేదు, మెడికల్ బోర్డు అక్కరలేదు; పోటీపడి గెలుచుకోవచ్చు. పోస్టులు 177. దరఖాస్తు పెట్టినవారు 98 వేలమందికి పైగా.